మల్లి మస్తాన్ బాబు: 172 రోజులు, ఏడు శిఖరాలు



పోయిన నెల జగిత్యాల బ్రాంచిలో పేరెంట్స్ మీటింగ్ అయిపోయాక ఒక నాన్నగారు అందరూ వెళ్లేదాకా కారిడార్‌లో ఆగారు. మార్కుల సంగతి అడుగుతారనుకున్నాను. కాదు. వాళ్ల బాబు ఎనిమిదో తరగతి. మూడు బ్రాంచిల పిల్లలకు కలిపి పెడుతున్న ఐదు కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చాడు. ఫలానా షూ లేకపోతే పరుగెత్తి లాభం లేదని ఇంట్లో పట్టుబట్టాడట. ఆ షూ ధర ఫోన్‌లో చూపించి, ఇంత పెట్టి కొనాలా మేడం, కొంటే గెలుస్తాడా అని అడిగారు. అందులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. మస్కట్‌లో ఉన్న తమ్ముణ్ని పంపమనాలా, కోరుట్లలోనే చూసి కొనాలా అన్నది కూడా ఆయన తేల్చుకోవాలి.

నేను ఇంగ్లిష్ చెబుతాను, పీఈటీని కాదు. అందుకే ఆ రోజు ఏదో సర్ది చెప్పి పంపించాను. ఇంటికి వెళ్తుంటే మాత్రం ఒక మనిషి గుర్తొచ్చారు. మర్నాడు క్లాసులో ఆయన పేరు చెప్పి, ఎవరికైనా తెలుసా అని అడిగాను. ఒక్క చెయ్యీ లేవలేదు. మాలావత్ పూర్ణ పేరు అడిగితే సగం క్లాసు లేచింది. లేవదా మరి, మన పక్క నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. కానీ పూర్ణకు ఎనిమిదేళ్ల ముందే ఎవరెస్టు మీద నిలబడి, అక్కడితో ఆగకుండా ఒకే ఏడాదిలో ఏడు ఖండాల శిఖరాలూ ముగించిన తెలుగాయన ఒకరున్నారు. మన ప్రైమరీ పిల్లలు పుట్టకముందే ఆయన వెళ్లిపోయారు. ఆయన పేరు మల్లి మస్తాన్ బాబు. ఈ నెల మీకు ఆయన కథ చెబుతాను. షూ సంగతి మర్చిపోలేదు, దారిలో అదీ వస్తుంది.

మస్తాన్ బాబు 1974 సెప్టెంబర్ 3న నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీ జనసంగం అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఇంట్లో ఐదో సంతానం. డబ్బున్న కుటుంబం కాదు. ఆ ఊళ్లో కొండల్లేవు, మంచు అసలే లేదు. పెన్నా ఒడ్డు పొలాల ప్రాంతం. అక్కడి పిల్లవాడు కొండలెక్కేవాడు అవుతాడని ఎవరూ ఊహించరు. చిన్నప్పుడు ఆయన్ను కొండల వైపు నడిపించింది కొండ కాదు, ఒక ప్రవేశ పరీక్ష. అది పాసై విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరారు. నెల్లూరు నుంచి విజయనగరం అంటే కోస్తా ఆ కొస నుంచి దాదాపు ఈ కొసకు. ఆ వయసు పిల్లవాణ్ని అంత దూరం పంపించి వెనక్కి తిరిగి బస్సెక్కిన తల్లిదండ్రుల మనసు ఎలా ఉంటుందో మీలో హాస్టల్‌లో పిల్లల్ని వేసినవారికి నేను చెప్పక్కర్లేదు.

సైనిక్ స్కూలు రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. పీటీ, డ్రిల్, సాయంత్రం ఆటలు, బూటుకు పాలిష్ లేకపోతే పనిష్మెంటు. ఆ స్కూల్లో ఒక పూర్వ విద్యార్థి విగ్రహం ఉంది. ఆయన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు. 1985లో భారత సైన్యం ఎవరెస్టు మీదికి పంపిన బృందంలో వెళ్లి, అక్కడే మంచులో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ దారిన రోజూ వందల మంది పిల్లలు నడిచి ఉంటారు. విగ్రహం ముందు నుంచి వెళ్తూ వెళ్తూ దాన్ని చూడటం మానేస్తాం, మనందరికీ జరిగేదే అది. మస్తాన్ చూడటం మానలేదు. మన స్కూలు పిల్లవాడే అంత దూరం వెళ్లాడు, పైదాకా చేరలేకపోయాడు, నేను చేరతాను అనే ఆలోచన ఆయనకు అక్కడే పుట్టింది.

ఇక్కడి నుంచి కొంత భాగం మీకు బాగా నచ్చుతుంది. కాబట్టి త్వరగా చెప్పేస్తాను. జంషెడ్‌పూర్‌లో, ఇప్పుడు ఎన్ఐటీ అంటున్న కాలేజీలో ఇంజనీరింగ్. ఆ తర్వాత ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎం.టెక్. సత్యం కంప్యూటర్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఉద్యోగం వదిలి ఐఐఎం కలకత్తాలో మేనేజ్‌మెంట్ చదువు, 2004లో పూర్తి. మన నోటీసు బోర్డు మీద ర్యాంకర్ల ఫొటోలు పెట్టే చోట ఒకే మనిషి ఫొటో మూడు నాలుగు సార్లు పెట్టాల్సినంత బయోడేటా. ఐఐఎం నుంచి బయటికొచ్చినవాళ్ల జీతాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆయన ఆ డబ్బు దారి పట్టలేదు. కొండల దారి పట్టారు.

ఈ మాట రాయడానికి నాకు కొంచెం జంకుగానే ఉంది. ఫీజు కట్టి, ఫౌండేషన్ క్లాసుల్లో చేర్చి, ఐఐటీ అని కలగంటున్న మీకు ఐఐటీ, ఐఐఎం రెండూ చదివి కొండలెక్కడానికి వెళ్లిపోయిన మనిషి కథ చెబుతున్నాను. కానీ ఆయన చదువు వదిలేసినవాడు కాదు, చదువు ఓడిపోయినవాడూ కాదు. చివరిదాకా చదివి, తర్వాత తన దారి తాను ఎంచుకున్నారు. ఆ తేడా గమనించమని మాత్రం కోరుతున్నాను.

ఇప్పుడు ఏడు శిఖరాల సంగతి. ఒక్కో ఖండంలో అన్నిటికన్నా ఎత్తైన కొండ ఒకటుంటుంది. ఆ ఏడింటినీ ఎక్కడాన్ని సెవెన్ సమ్మిట్స్ అంటారు. మొదట పూర్తి చేసింది డిక్ బాస్ అనే అమెరికన్ వ్యాపారి, 1985లో. అప్పటికి ఆయన వయసు యాభై ఐదు. చాలామందికి ఈ ఏడూ పూర్తి కావడానికి ఏళ్లు పడుతుంది. డబ్బు కూడబెట్టాలి, సెలవు దొరకాలి, వాతావరణం కలిసి రావాలి, ఒక కొండ నుంచి కోలుకోవాలి. మస్తాన్ బాబు దీన్ని ఒక సుదీర్ఘ పరుగుపందెంలా తీసుకున్నారు.

2006 జనవరి 19, అంటార్కిటికాలో విన్సన్ మాసిఫ్, 4,892 మీటర్లు. ఫిబ్రవరి 17, దక్షిణ అమెరికాలో అకొంకాగువా, 6,961 మీటర్లు. మార్చి 15, ఆఫ్రికాలో కిలిమంజారో, 5,895. ఏప్రిల్ 1, ఆస్ట్రేలియాలో కొజియస్కో, 2,228. మే 21, ఎవరెస్టు, 8,848. జూన్ 13, యూరప్‌లో ఎల్‌బ్రస్, 5,642. జులై 10, అలాస్కాలో డెనాలి, 6,190. మొదటి శిఖరం నుంచి చివరి శిఖరానికి 172 రోజులు. అప్పటికి అది రికార్డు. తర్వాతి ఏళ్లలో ఇతరులు ఆ లెక్కను దాటారు, రికార్డులంటే అంతే కదా.

మీ పిల్లలకు ఒక చిన్న పని చెప్పండి. ఈ ఏడు తేదీలూ వాళ్లకిచ్చి, 2006 క్యాలెండర్‌లో ఏ వారం వచ్చిందో చూడమనండి. గురువారం, శుక్రవారం, బుధవారం, శనివారం, ఆదివారం, మంగళవారం, సోమవారం. వారంలో ఏడు రోజులకు ఏడు కొండలు, ఒక్కటి కూడా రెండోసారి రాలేదు. మా ఎనిమిదో తరగతి వాళ్లు దీని మీద పది నిమిషాలు గోల చేశారు. ఇంగ్లిష్ పీరియడ్ అని మర్చిపోయి లెక్కలు కూడా వేశారు. రెండు శిఖరాల మధ్య ఎన్ని రోజులు? 29, 26, 17, 50, 23, 27. కూడితే 172 వస్తుంది.

ఆ అంకెల్లోనే ఆయన కష్టం ఉంది. 17 రోజులంటే కిలిమంజారో మీద నుంచి దిగి, విమానాలు మారి, ఆస్ట్రేలియా చేరి మళ్లీ ఇంకో శిఖరం ఎక్కడం. 50 రోజులు ఎవరెస్టువి. ఎవరెస్టు మీదికి ఎప్పుడంటే అప్పుడు వెళ్లలేం. ఏడాదిలో ఎక్కువ రోజులు శిఖరం మీద భయంకరమైన గాలులు వీస్తాయి. మే నెల రెండో సగంలో ఆ గాలి కొన్ని రోజులు పక్కకు జరుగుతుంది. ఆ కొద్ది రోజుల్లో పైన ఉండాలంటే ఏప్రిల్‌లోనే కింద క్యాంపులో ఉండాలి. అంటే ఆస్ట్రేలియా కొండ ఒక వారం ఆలస్యమైతే ఎవరెస్టు చేజారే ప్రమాదం, ఎవరెస్టు ఆలస్యమైతే అలాస్కా సీజన్ చేజారే ప్రమాదం. కొండ ఎక్కడం ఒక చదువైతే, ఈ టైంటేబుల్ వేయడం ఇంకో చదువు. ఐఐఎం చదువు వృథా పోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక ఆ నాన్నగారి ప్రశ్నకు వస్తాను.

కొండలెక్కేవాళ్ల బూటు గురించి చదువుతుంటే, మనం షూ కొనే తీరు మీద నాకు నవ్వొచ్చింది. మనం కొనేటప్పుడు చూసేది రంగు, కంపెనీ గుర్తు, ఇంకా ఏడాది పెరిగినా పట్టేలా ఒక సైజు ఎక్కువ. వాళ్లు చూసేది కాలి వేలు. బాగా చలి ఉన్నప్పుడు ఒంట్లోని రక్తం గుండెను, మెదడును కాపాడుకోవడానికి లోపలికి జరుగుతుంది. చేతివేళ్లకు, కాలివేళ్లకు అందడం తగ్గుతుంది. అప్పుడు బూటు బిగుతుగా ఉంటే వచ్చే కాస్త రక్తం కూడా ఆగిపోతుంది. వేలు గడ్డకడుతుంది, నల్లబడుతుంది, కొన్నిసార్లు తీసేయాల్సి వస్తుంది. ఎవరెస్టు, డెనాలి, విన్సన్ లాంటి చోట్ల అందుకే బూటులో బూటు వేస్తారు. పైది గట్టి తొడుగు, లోపలిది మెత్తటి వెచ్చటి బూటు. రాత్రి పడుకునేటప్పుడు లోపలి బూటు విప్పి స్లీపింగ్ బ్యాగులో తమతోపాటే పెట్టుకుంటారు. బయట వదిలేస్తే చెమట గడ్డకట్టి పొద్దునకు రాయిలా అవుతుంది. మనం పసిపిల్లల్ని పక్కలో వేసుకున్నట్టు వాళ్లు బూట్లను పక్కలో వేసుకుంటారు.

ఆ బూటు అడుగు వంగదు. కింద క్రాంపాన్ అనే ఇనుప పళ్ల చట్రం బిగిస్తారు, మంచులో పట్టు కోసం. అడుగు వంగితే చట్రం ఊడిపోతుంది. అలాంటి బూటుతో మీ బాబు కెనాల్ రోడ్డు మీద ఒక్క కిలోమీటరు పరుగెత్తలేడు. పరుగు షూ ముందు భాగం వంగాలి, కాలితోపాటు కదలాలి. కొండ దారుల్లో గేర్ సైకిల్ తొక్కేవాళ్ల షూ మళ్లీ గట్టిగా ఉంటుంది. కాలి బలమంతా అడుగు వంగడంలో వృథా కాకుండా పెడల్ మీదికి పోవాలి కాబట్టి. పైగా దిగి సైకిల్ మోసుకుంటూ రాళ్లలో నడవాల్సి వస్తే జారకుండా కింద గాడులు ఉండాలి. ఒక్కో పనికి ఒక్కో షూ. మస్తాన్ బాబు ఎక్కిన ఏడింటిలోనే చూడండి. కొజియస్కోకు చాలామంది మామూలు షూతో నడిచి వెళ్తారు. కిలిమంజారో దారి అడవిలో మొదలై మంచు దగ్గర ముగుస్తుంది, చీలమండ కప్పే ట్రెక్కింగ్ షూ చాలు. విన్సన్ మీద ఆ షూతో నిలబడితే కాలివేళ్లు దక్కవు.

మరి మన స్కూల్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా నల్ల షూ, శనివారం తెల్ల క్యాన్వాస్ షూ. ఆ క్యాన్వాస్ షూ తోనే పరుగు, వాలీబాల్, మార్చ్‌పాస్ట్ అన్నీ. నేను రూలు మార్చగలిగినదాన్ని కాను గానీ, ఐదు కిలోమీటర్ల సాధనకు వచ్చే పిల్లలు వేరే రన్నింగ్ షూ వేసుకోవచ్చని ప్రిన్సిపాల్ మేడంను అడిగి ఒప్పించాను. రంగు ఏదైనా పర్వాలేదు.

బట్ట సంగతి సిరిసిల్ల బ్రాంచి తల్లిదండ్రులకు నేను చెప్పడం అంటే తాతకు దగ్గులు నేర్పినట్టే. మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాళ్లకు ఏ నూలు నీళ్లు పీలుస్తుందో, ఏది పీల్చదో చేతితో తాకితే తెలుస్తుంది. మన ఎండలకు కాటన్‌ను మించింది లేదు. అదే కాటన్ మంచు కొండ మీద శత్రువు. చెమట పీల్చుకుని ఆరదు, ఒంటికి అతుక్కుని చలిని లోపలికి తెస్తుంది. అందుకే అక్కడ ఒంటికి ఆనుకుని ఉన్ని గానీ సింథటిక్ గానీ వేస్తారు. సాక్స్ విషయంలో ఇది మనకూ పనికొస్తుంది. ఎక్కువ దూరం పరుగెత్తేటప్పుడు మందపాటి కాటన్ సాక్స్ తడిసి ముడతలు పడితే అక్కడే చర్మం రాసుకుని బొబ్బలొస్తాయి. బొబ్బల నింద షూ మీద వేస్తాం, తప్పు చాలాసార్లు సాక్స్‌ది.

నా అనుభవం ఒకటి. బీఎడ్ చదివే రోజుల్లో స్నేహితులతో కలిసి కొండగట్టు అంజన్న దగ్గరికి నడిచి వెళ్లాను. ముందురోజు కొన్న కొత్త షూ వేసుకుని బయల్దేరాను. సగం దారికి రెండు మడమలూ చీరుకుపోయాయి. పక్క నుంచి దీక్ష తీసుకున్న స్వాములు ఉత్త కాళ్లతో వేడి తారు మీద గబగబా నడిచి వెళ్లిపోతున్నారు. నేను షూ చేతిలో పట్టుకుని కుంటుతున్నాను. వాళ్ల పాదాలు నలభై రోజులుగా నడకకు అలవాటు పడ్డాయి, నావి కాలేదు. షూ మంచిదే, కాలే సిద్ధంగా లేదు.

కొండల సాధన కూడా ఇలాగే ఉంటుంది. ఎవరెస్టు శిఖరం మీద గాలిలో దొరికే ఆక్సిజన్ మన దగ్గర దొరికేదాంట్లో దాదాపు మూడో వంతు. ఎంత బలవంతుడైనా ఇక్కడి నుంచి నేరుగా అక్కడ దింపితే నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. అందుకని పైకి ఎక్కి, కొంచెంసేపు ఉండి, మళ్లీ కిందికి దిగి పడుకుంటారు. రెండు రోజుల తర్వాత ఇంకొంచెం పైకి. ఇలా వారాల తరబడి ఎక్కుతూ దిగుతూ ఉంటే ఒంట్లో ఆక్సిజన్ మోసే ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. ఆ పని శరీరం తన వేగంతోనే చేస్తుంది. తొందరపెడితే తలనొప్పి, వాంతులు మొదలై ఊపిరితిత్తుల్లో, మెదడులో నీరు చేరేదాకా పోతుంది. ఫీజు ఎక్కువ కడితే త్వరగా రాదు. (ఈ మాట మీ మీద కాదు, కానీ కొంచెం మన అందరి మీదా.)

మస్తాన్ బాబు పరుగులో ఇంకో ఇబ్బంది ఉంది. ఒక కొండ మీద ఎత్తుకు అలవాటు పడిన శరీరం, కిందికి వచ్చి కొన్ని వారాలు గడిస్తే ఆ అలవాటును మెల్లగా పోగొట్టుకుంటుంది. అంటార్కిటికాలో జనవరిలో సూర్యుడు అస్తమించడు, అక్కడికి వెళ్లాలంటే చిలీ దక్షిణ కొస నుంచి విమానంలో పోయి మంచు మీదనే దిగాలి. అక్కడి నుంచి రెండు నెలలు తిరక్కుండా భూమధ్యరేఖ దగ్గరి ఆఫ్రికా. నిద్ర మారుతుంది, తిండి మారుతుంది, నీళ్లు మారతాయి. డెనాలి మీద అయితే సామాను వీపు మీద కొంత, వెనక తాడుతో కట్టిన చిన్న స్లెడ్జి మీద కొంత పెట్టుకుని మంచులో లాక్కుంటూ వెళ్లాలి. అది ఆయనకు ఏడోది, ఆర్నెల్లు తిరిగి అలిసిపోయిన శరీరంతో. పరుగుపందెంలో చివరి రౌండు అంటామే, అదే.

2006 తర్వాత ఆయన ఖాళీగా కూర్చోలేదు. కొండల అనుభవాన్ని పాఠంగా చేసుకుని నాయకత్వం మీద విద్యార్థులకు, ఉద్యోగులకు శిక్షణ తరగతులు చెప్పారు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలంటే ఆయనకు ప్రత్యేకమైన ఇష్టం. మళ్లీ మళ్లీ అక్కడికి వెళ్లారు. హిమాలయాలంత పేరు లేని కొండలవి. గాలి, పొడి చలి, మైళ్లకొద్దీ మనిషి కనబడని ఎడారి. చాలాచోట్ల ఆయన ఒంటరిగానే ఎక్కేవారు.

2014 డిసెంబర్‌లో ఆయన మళ్లీ ఆండీస్‌కు బయల్దేరారు. 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని సెర్రో ట్రెస్ క్రుసెస్ సుర్ అనే కొండ మీదికి ఒక్కరే వెళ్లారు. 6,748 మీటర్ల ఎత్తు. తర్వాత కబురు లేదు. వాతావరణం చెడిపోయింది. స్నేహితులు, కలిసి చదివినవాళ్లు సోషల్ మీడియాలో ఉద్యమంలా కదిలారు. భారత ప్రభుత్వం రెండు దేశాలతో మాట్లాడింది, హెలికాప్టర్లతో గాలించారు. ఏప్రిల్ మొదటి వారంలో కొండ మీదే ఆయన మృతదేహం కనబడింది. వయసు నలభై.

ప్రపంచానికి అటు కొసన, అంత ఎత్తు మీది నుంచి ఆయన్ను దించి, కాగితాలు పూర్తి చేసి, గాంధీ జనసంగం చేర్చేసరికి ఏప్రిల్ నెలాఖరు వచ్చింది. దాదాపు నెల రోజులు ఆ తల్లి ఎదురుచూసింది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఈ వాక్యం చదివి ఊరికే దాటిపోయే ఇల్లు తక్కువ. గల్ఫ్ నుంచి పెట్టె ఎప్పుడొస్తుందో అని వారాలు ఎదురుచూసిన ఇళ్లు మన వీధుల్లోనే ఉన్నాయి. నా క్లాసులోనూ ఉన్నాయి. అందుకే ఈ భాగం పిల్లలకు చెప్పాలా వద్దా అని ముందురోజు రాత్రంతా ఆలోచించాను. ఆయన గెలిచిన దగ్గర కథ ఆపేస్తే హాయిగా ఉండేది. కానీ అడిగేది వాళ్లే కదా, ఇప్పుడు ఆయన ఎక్కడున్నారు మేడం అని. చెప్పాను. క్లాసు కాసేపు నిశ్శబ్దమైంది. ఒక అమ్మాయి మాత్రం, ఒక్కరే ఎందుకు వెళ్లారు, తోడు ఉంటే బాగుండేది కదా అంది. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపిస్తుంది. ఆయన ధైర్యాన్ని మెచ్చుకుంటాను, ఆ ఒంటరి ప్రయాణాన్ని మాత్రం మీ పిల్లలకు ఆదర్శంగా చూపించలేను. రెండూ ఒకే మనిషి గురించి అనుకోవచ్చని ఆ పిల్లకు చెప్పాను.

పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు మస్తాన్ బాబు బతికే ఉన్నారు. భువనగిరి బండల మీద తాడు పట్టుకుని మొదటి పాఠాలు నేర్చుకున్న గురుకులం పిల్లలు వాళ్లు. సంగం నుంచి ఒకరు, పాకాల నుంచి ఒకరు. రెండు చోట్లా ఇంట్లో డబ్బు లేదు, రెండు చోట్లా ఒక ప్రభుత్వ బడి ఉంది. కార్పొరేట్ స్కూలు పత్రికలో ఈ మాట రాయడం బాగుంటుందో లేదో తెలీదు, కానీ నిజం అదే.

ఇప్పుడు నాన్నగారూ, మీ షూ. అంత ఖరీదైనది అక్కర్లేదు. సాయంత్రం పూట షాపుకు తీసుకెళ్లండి, రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, పరుగులోనూ అలాగే ఉబ్బుతుంది. పరుగుకు వేసుకునే సాక్స్ వెంట తీసుకెళ్లండి. నిలబెట్టి చూడండి, పొడుగాటి వేలికీ షూ కొసకూ మధ్య మీ బొటనవేలంత ఖాళీ ఉండాలి. మడమ దగ్గర మాత్రం లూజు ఉండకూడదు. ముందు భాగం చేత్తో వంచి చూడండి, వంగాలి. వచ్చే ఏడాదికి కూడా వస్తుందని పెద్ద సైజు కొనకండి. అందుకే మస్కట్ నుంచి తెప్పించొద్దంటున్నాను, కాలు ఇక్కడుంటే షూ అక్కడ కొనడం ఎలా. కొన్నాక పందెం రోజుదాకా దాచి ఉంచకండి, నా మడమలు గుర్తుంచుకోండి. ఇంట్లో, వీధిలో రెండు వారాలు వేసి తిప్పండి. కాలి గోళ్లు కత్తిరించి ఉంచండి.

సాధన వారానికి నాలుగు రోజులు చాలు. మొదటి వారం పరుగు, నడక కలిపి రెండు కిలోమీటర్లు. వారం వారం కొంచెం పెంచుతాం. మధ్యలో విశ్రాంతి రోజులు తప్పనిసరి, ట్యూషన్ ఉన్న రోజు పరుగు లేదని బాధపడొద్దు. ఎండ ముదరకముందే అయిపోవాలి కాబట్టి ఉదయమే పెట్టాం. మస్కట్‌లో ఉన్న బాబాయి పంపాలనుకుంటే షూ బదులు ఒక మంచి నీళ్ల సీసా పంపమనండి.

శనివారం ఉదయం ఆరింటికి గ్రౌండ్ గేటు తెరిచి ఉంటుంది. మీరూ రావచ్చు, ఒక రౌండు నడవండి. నేను కొండగట్టు షూ తోనే వస్తున్నాను, ఇప్పుడవి అరిగి మెత్తబడ్డాయి.